లండన్‌కో మాట, కల్బాకో మాట

బహుమతి వచ్చిందంటే ఎవరైనా సంతోషిస్తారు. సనావుల్లా మాత్రం నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

బర్ దుబాయ్‌లో బట్టల దుకాణాల మీద రెండు గదుల స్టూడియో ఆయనది. తెలుగు, తమిళ సీరియళ్లకు ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు వేయించి హైదరాబాదుకూ చెన్నైకీ పంపుతుంటాడు. సొంతూరు ప్రొద్దుటూరు. ఇన్నేళ్ల దుబాయ్ బతుకులో ఆయన నేర్చుకున్న నీతి ఒక్కటే: పని కనపడాలి, పనిచేసినవాడు కనపడకూడదు. లైసెన్సు రెన్యువల్ అయ్యేదాకా ఊపిరి బిగబట్టడం, అయ్యాక వదలడం, మళ్లీ బిగబట్టడం. అలాంటి మనిషి గుమ్మంలోకి లండన్ నుంచి పేరుప్రఖ్యాతులు వచ్చి నిలబడితే ఏం చేస్తాడు పాపం!

“ఉమమ్మా, ఏం చేసిపెట్టినావమ్మా నువ్వు?” అని పొద్దున్నే ఫోన్ చేశాడు. “లండన్‌లో ఎవురో మన సీరియల్‌కి ప్రైజిచ్చినారంట. దేనికిచ్చినారో ఆ మాట నేను ఫోన్లో అనను. మెయిల్ పంపినాను, చూడు. చూసి డిలీట్ చెయ్. మన స్టూడియో పేరు గానీ, నీ పేరు గానీ యాడా రాకూడదు. వచ్చిందా, ఖలాస్.”

ఉమాదేవి షార్జాలో రోలా పేటలోని తన ఫ్లాటులో పొయ్యి మీద పప్పు పెట్టి, డైనింగ్ టేబుల్ మూలన ఉన్న కంప్యూటర్ తెరిచింది. లాక్‌డౌన్ రోజుల్లో స్టూడియో నుంచి ఇంటికొచ్చిన కంప్యూటర్ అది. మళ్లీ వెనక్కి పోలేదు, దాంతోపాటు ఆమె కూడా పోలేదు. మెయిల్ చదివింది. నమ్మలేక మళ్లీ చదివింది. పప్పు అడుగంటిన వాసన ముక్కుకు తగిలాక గానీ లేవలేదు.

లండన్‌లో ఒక సంస్థ ఏటా టీవీ కామెడీలకు బహుమతులిస్తుందట. మగవాళ్లను ప్రేమించే మగవాళ్లను, ఆడవాళ్లను ప్రేమించే ఆడవాళ్లను, ట్రాన్స్ మనుషులను నవ్వులపాలు చెయ్యకుండా, పక్కింటి మనుషుల్లాగే చూపించి నవ్వించిన కార్యక్రమాలకు. ఈ ఏడాది ఇతర భాషల కామెడీలలో ఆ బహుమతి ‘మూడో అంతస్తు’ అనే తెలుగు సీరియల్‌కు వచ్చింది. అందులో చిట్టిబాబు అనే పాత్రను ఇంత గౌరవంగా, ఇంత సున్నితంగా మలిచినందుకు న్యాయనిర్ణేతలు మురిసిపోయారట.

గౌరవం! ‘మూడో అంతస్తు’ను తెలుగులో చూసినవాళ్లు ఈ మాట వింటే పొట్ట పట్టుకుంటారు. చిట్టిబాబు ఆ అపార్ట్‌మెంట్‌లో బ్యూటీ పార్లర్ నడిపే కుర్రవాడు. అతను తెర మీదికి వస్తే చాలు, కీబోర్డు మీద ‘టొంయ్’ అని ఒక చప్పుడు. నడిస్తే టొంయ్, తిరిగితే టొంయ్. ఇంటి ఓనరు అతని నెత్తిన మొట్టికాయ వేస్తాడు, వాచ్‌మన్ వెనక నుంచి తంతాడు, కూరగాయలమ్మే ఆవిడ చీర చెంగు అతని భుజాన వేసి ఇంకేదో అంటుంది. ప్రతి వారం అవే తిట్లు, అదే చప్పుడు. రాసినవాడికి సిగ్గు లేదు, తీసినవాడికి అలుపు లేదు, చూసేవాళ్లకు విసుగు లేదు.

మరి లండన్ వాళ్లకు ఇందులో గౌరవం ఎక్కడ దొరికింది? తెర అడుగున దొరికింది. వాళ్లకు తెలుగు రాదు కదా. అడుగున పరిగెత్తే ఇంగ్లీషు చదువుకున్నారు. ఆ ఇంగ్లీషు రాసింది ఉమాదేవి.

మొదటి వారాలు ఆమె కూడా ఉన్నదున్నట్టే రాసింది. ఒకనాడు ఆమె తమ్ముడు రాకేశ్ అన్నం కంచం చేత్తో పట్టుకుని ఆమె వెనక నిలబడి ఆ తిట్లు చదివాడు. అతను ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. అక్కాబావల ఫ్లాటులోనే హాల్లో అతని మంచం.  సగం అన్నం వదిలేసి, కంచం సింకులో పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఉమాదేవికి ఆ పూట ముద్ద దిగలేదు.

ఎందుకంటే రాకేశ్ సంగతి ఆమెకొక్కదానికే తెలుసు. లాక్‌డౌన్‌లో బాల్కనీలో ఆరేసిన బట్టల మధ్య నిలబడి అతనే చెప్పాడు, తన మనసు ఆడపిల్లల మీదికి పోదని. తమ్ముడు అంత మాట చెప్పుకుంటే అక్కన్నది ఏమనాలి? దగ్గరికి తీసుకోవాలి, లేదా ఏడవాలి, కనీసం తిట్టనైనా తిట్టాలి. ఉమాదేవి “అన్నం తిన్నవా?” అని అడిగింది. ఆ తర్వాత ఇద్దరూ ఆ ఊసు ఎత్తలేదు. ఈ దేశంలో ఇలాంటి మాట పక్క ఫ్లాటుకు వినపడితే ఉద్యోగం, వీసా అన్నీ పోతాయి, జైలు కూడా రావచ్చు. 

కంచం సింకులో పడ్డ మర్నాటి నుంచి ఆమె చిట్టిబాబు మీద పడే తిట్లన్నీ ఇంగ్లీషులో మింగేయడం మొదలుపెట్టింది. సబ్‌టైటిల్ అంటే రెండు వరుసలు. మాట తెర మీద ఉన్నంతసేపట్లోనే చదవడం అయిపోవాలి. చోటు చాలదు కాబట్టి ఏదో ఒకటి తీసెయ్యాలి, తీసేసింది ఏమిటని ఎవరూ అడగరు. ఆమె తిట్టు తీసి, ఖాళీ అయిన చోట కాస్త మర్యాద పెట్టేది. చెవిటివాళ్ల కోసం చప్పుళ్లు కూడా రాయాలి. ‘టొంయ్’ మాత్రం ఆమె ఒక్కసారి కూడా రాయలేదు. సరిచూసేవాళ్లు ఇంగ్లీషే చూస్తారు, తెలుగు వాళ్లు ఇంగ్లీషు చదవరు. అలా ఒకే సీరియల్ రెండు సీరియళ్లయింది.

లండన్ వాళ్లు ప్రత్యేకంగా మెచ్చుకున్నది ఒక సీను. తెలుగులో అది ఇలా ఉంటుంది. ఓనరు “నీకు పిల్లనిచ్చేదెవడ్రా, నీకే పసుపు కుంకుమ పెట్టి పంపాలి” అంటాడు. చిట్టిబాబు మెలికలు తిరిగి “పోండి సార్, మీరుండగా నాకు వేరే సంబంధమెందుకు” అంటాడు. టొంయ్. ఉమాదేవి ఇంగ్లీషులో ఓనరు పెళ్లి చేసుకోవా అని మామూలుగా అడుగుతాడు. చిట్టిబాబు, మీ నోళ్లు మూయించడానికి ఒక ఆడపిల్ల బతుకు పాడుచెయ్యను, నేను ఇలాగే బాగున్నాను అంటాడు. ఆ మాట చదివి లండన్‌లో ఒక పెద్దమనిషి కళ్లు తుడుచుకున్నాడట.

ఆ మాట ఉమాదేవి సొంతది కాదు. ఆ వారమే వంటింట్లో రాకేశ్ ఆమెతో అన్నది.

ఆ పెళ్లి ముచ్చట తెచ్చింది ఆమె మొగుడు దేవేందర్. కార్గో కంపెనీలో సూపర్‌వైజర్. మంచివాడే, కానీ ఒక పని పట్టుకుంటే అది తెమిలేదాకా ఎవరినీ కూర్చోనివ్వడు. అతని చిన్నాయన కొడుకు రాజలింగం కొండల అవతల సముద్రం ఒడ్డునున్న కల్బాలో హార్డ్‌వేర్ దుకాణం నడుపుతున్నాడు. రాజలింగం చెల్లెలు స్వర్ణ అక్కడే ఒక పళ్ల డాక్టర్ దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. వరుస కలిసింది, కులం కలిసింది, ఇద్దరూ ఇక్కడే ఉన్నారు, ఇంకేం కావాలి అన్నాడు దేవేందర్. రాకేశ్ వంటింట్లోకి వచ్చి అక్కతో తన మాట చెప్పాడు. ఖరాఖండిగా చెప్పాడు. ఉమాదేవి ఆ మాటను ఇంగ్లీషులో పెట్టి లండన్ దాకా పంపింది గానీ, వంటింట్లోంచి హాల్లోకి మాత్రం తీసుకుపోలేకపోయింది.

“ఏమంటుండు?” అని దేవేందర్ అడిగితే, “కొంచెం టైం అడుగుతుండు” అంది.

టైం అంటే దేవేందర్ నాలుగు నెలలనుకున్నాడు. అవి గడిచాక స్వర్ణే ఫోన్ చేసింది. “వదినా, మా అన్న తొందరవడుతుండు. నాకైతే నిజం జెప్పు. రాకేశ్‌కు నేనిష్టమేనా? లేకుంటే లేదని జెప్పు, నేనేమనుకోను.” అంత సూటిగా అడిగిన పిల్లకు ఉమాదేవి “సిగ్గుపడుతుండు, గంతే” అని చెప్పింది. చెప్పి ఫోన్ పెట్టేసి తన నోటి మీద తనే కొట్టుకుంది. కొట్టుకున్నంత మాత్రాన చెప్పిన మాట వెనక్కి వస్తుందా?

ప్రైజు వచ్చిన వారమే, శనివారం పూలు పండ్లని దేవేందర్, రాజలింగం కలిసి ఖాయం చేసేశారు. పెళ్లి కుదిరిందని పదిమందిలో చెప్పే పని అది. మగపిల్లవాడి వైపు వాళ్లు పండ్లు, పూలు, చీర తీసుకుపోయి పిల్ల ఒళ్లో పెడతారు. పెట్టాక కాదనడం ఆ పిల్లకు తలవంపులు. ఈ సంగతి రాకేశ్‌కు చెప్పే పని కూడా ఉమాదేవి మీదే పడింది. ఆమె ఏం చెప్పిందనుకున్నారు? “కల్బాల రాజలింగం బావ బువ్వకు పిలిచిండు” అని చెప్పింది.

ఇలాంటి మనిషి రాసిన మాటకు లండన్ వాళ్లు ప్రైజిచ్చారు!

ఇదంతా చాలదన్నట్టు హైదరాబాదు నుంచి ‘మూడో అంతస్తు’ ప్రొడ్యూసర్ ఆ వారమంతా ఫోన్ల మీద ఫోన్లు. సనావుల్లా నంబరివ్వనని మొండికేసినా ఎక్కణ్ణుంచో సంపాదించాడు.

“మేడం, మా టీమంతా ఆ సీను పదిసార్లు చూశాం. అందులో ప్రైజిచ్చేంత ఏముందో మాకే అర్థం కాలేదు. తర్వాత మీ సబ్‌టైటిల్స్ చూశాం. బాబోయ్, ఏం రాశారండీ! ఇప్పుడు సమస్యేంటంటే, ఫంక్షన్‌లో ఆ క్లిప్ వేస్తారట. హాల్లో లండన్ తెలుగువాళ్లుంటారు కదా, అసలు డైలాగు వినేస్తారు. పరువు పోతుంది. అందుకని మీ ఇంగ్లీషును తెలుగులో రాసివ్వండి, ఆ నటుడితో డబ్బింగ్ చెప్పించి అతికించేస్తాం. చిన్న ముక్కే కదండీ.”

చిన్న ముక్కే. ఉమాదేవి రోజూ కాగితం ముందు పెట్టుకుని కూర్చునేది. సీరియల్ భాషలో రాస్తే ఎవరో ఉపన్యాసం చదువుతున్నట్టుంది. సరదాగా రాస్తే ఏడుపొస్తోంది. ఎలా రాసినా చెవిలో రాకేశ్ గొంతే వినపడుతోంది, దాని ముందు మిగతావన్నీ అబద్ధంలా ఉన్నాయి. రాసిందల్లా కొట్టేసింది. ప్రొడ్యూసర్‌కు మాత్రం “రేపిస్తాను సార్” అని చెబుతూ వచ్చింది. ఆయనకూ టైమే అడిగిందన్నమాట, అడగడం అలవాటైపోయింది కదా.

శనివారం పొద్దున కారు కల్బా దారి పట్టింది. దేవేందర్ స్టీరింగ్ దగ్గర, పక్కన ఉమాదేవి, వెనక రాకేశ్. అతని పక్క సీట్లో యాపిల్స్, దానిమ్మలు, అరటి గెల, కొబ్బరికాయలు, వాటి మీద బర్ దుబాయ్ నుంచి తెచ్చిన మల్లెమూర. చీరను మాత్రం పండ్ల బుట్ట అడుగున దాచింది ఉమాదేవి.

“బువ్వకు పోనీకె గిన్ని పండ్లెందుకక్కా?” అన్నాడు రాకేశ్.

“ఉత్త చేతుల్తోని పోతమా?” అంది ఆమె, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఊరు దాటి ఇసుక, ఇసుక దాటి నల్లటి కొండలు కనపడుతున్నాయి. దేవేందర్ హుషారుగా ఉన్నాడు. “యల్లా, జల్ది పోతే పన్నెండు గాకముందే అయిపోతది. రాజలింగం అన్న పది ఇండ్లోళ్లను పిలిచిండట. రాకేశ్, నువ్వట్ల ముడుచుకోని కూసోకు. పూలు పండ్లకు పోయే పిలగాని మొఖం గట్లనే ఉంటదా?”

 ఉమాదేవికి తల తిప్పే ధైర్యం లేదు. మెడ మీద తమ్ముడి చూపు సూదిలా గుచ్చుకుంటోంది.

“అక్కా,” అన్నాడు రాకేశ్, చాలా మెల్లగా. “పూలు పండ్లా?”

ఆమె ఏదో అనబోయింది. ఏమనబోయిందో ఆమెకే తెలియదు. సరిగ్గా అప్పుడే కారు స్పీకర్లలో ఆమె ఫోన్ మోగింది. దేవేందర్ కారుకు బ్లూటూత్ కలిపి పెట్టాడు. ఎవరి ఫోనైనా కారంతా మోగాల్సిందే. “హైదరాబాద్ నంబర్. ఎత్తు” అని ఆమె వద్దనేలోపే తనే బటన్ నొక్కేశాడు.

“మేడం!” ప్రొడ్యూసర్ గొంతు నాలుగు తలుపుల్లోంచి గర్జించింది. “డబ్బింగ్ థియేటర్‌లో కూర్చున్నామండీ, నటుడు మైకు ముందున్నాడు. గంటకింత అద్దె. ఇప్పుడు చెప్పకపోతే నేను చచ్చానన్నమాటే. అదే, పెళ్లి చేసుకోను అన్న డైలాగు. ఎలాగోలా చెప్పెయ్యండి.”

“సార్, నేను తర్వాత...”

“తర్వాత లేదండీ!”

“చెప్పరాదే,” అన్నాడు దేవేందర్. “పాపం, పెద్దమనిషి అంత బతిలాడుతుండు.”

ఉమాదేవికి ఒళ్లంతా మండుకొచ్చింది. ఈ ప్రొడ్యూసర్ మీద, ఈ మొగుడి మీద, పండ్ల మీద, కొండల మీద, అన్నిటికన్నా తన మీద. వారమంతా రాసిన ముక్కలు ఒక్కటీ గుర్తుకు రాలేదు. గుర్తున్నది ఒక్కటే. అదే వచ్చింది నోట్లోంచి, వంటింట్లో విన్నది విన్నట్టు.

“మీ అందరి నోళ్లు మూయించెతందుకు ఒక ఆడపిల్ల బతుకు ఆగం జెయ్యాల్నా? నేను జేసుకోను. నేనిట్ల మంచిగనే ఉన్న. నన్నిట్లనే ఉండనియ్యుండ్రి.”

అవతల పెన్నుతో గబగబా రాసుకుంటున్న చప్పుడు.

“అబ్బ,” అన్నాడు ప్రొడ్యూసర్. “యాస మారుస్తాం గానీ, బరువుంది మేడం. కాకపోతే నవ్వెక్కడుందండీ ఇందులో? సర్లెండి. లండన్ కాపీలో ఇదే పెట్టేస్తాం. మన టీవీలో పాతదే ఉంటుంది, రేటింగ్ దానికే కదా. అక్కడివాళ్లకు అది, ఇక్కడివాళ్లకు ఇది. మీకు నేను చెప్పాలా, మీరు చేసిందీ అదేగా!” నవ్వి ఫోన్ పెట్టేశాడు.

ఎన్ని తిట్లు తిన్నా ఉమాదేవికి ఇంత మంట పుట్టి ఉండేది కాదు. ఎంత సిగ్గులేని మనిషి! తియ్యగా మాట్లాడుతూ లండన్‌కో మాట, హైదరాబాదుకో మాట! అని పళ్లు కొరికింది. కొరుకుతుండగానే నోరు చేదైంది. ఆయన అన్నదాంట్లో అబద్ధమేముంది? లండన్ వాళ్లకు ఒక మాట పంపింది, మొగుడికి ఇంకొకటి చెప్పింది, తమ్ముడికి మరొకటి, కల్బాలో చీర కట్టుకుంటున్న పిల్లకు వేరే ఒకటి. ఆయనకన్నా తనే రెండాకులు ఎక్కువ చదివింది.

“మంచిగున్నది డైలాగు,” అన్నాడు దేవేందర్. “నువ్వే రాసినవా?”

“నేను రాయలే.”

“మరెవలు?”

ఆమె ఒకసారి కళ్లు మూసుకుని తెరిచింది. “రాకేశ్ అన్నడు. నాతోని. నువ్వీ సంబంధం ముచ్చట తెచ్చిననాడు, మన వంటింట్ల.”

 దేవేందర్ ఇండికేటర్ వేసి, రోడ్డు పక్క చాయ్ దుకాణం ముందున్న ఖాళీ జాగాలో కారాపాడు. దుకాణం కుర్రాడు ఆర్డర్ కోసం పరిగెత్తుకొస్తే వద్దని చెయ్యూపాడు. ఇంజిన్ ఆపలేదు.

“టైం అడుగుతుండు అన్నవ్ గదనే?”

“అడగలే. నేనే చెప్పిన.”

“సిగ్గుపడుతుండని స్వర్ణతోని ఎవలన్నరు?”

“అది గూడ నేనే.”

“నాకు బువ్వకు పోతున్నమని చెప్పినవ్,” అన్నాడు వెనక నుంచి రాకేశ్. బావా బామ్మర్దులు ఏనాడూ ఒక మాట మీద నిలబడింది లేదు. ఇవాళ ఇద్దరూ కలిసి ఆమె వైపు చూసిన చూపుకు ఉమాదేవి సీట్లో కుంగిపోయింది.

దేవేందర్ వెనక్కి తిరిగాడు. “సరే, ఆమె సంగతి తర్వాత. నువ్వు చెప్పు. ఎందుకద్దు? స్వర్ణల ఏం తక్కువున్నదిర?”

ఉమాదేవి నాలుక మీదికి జవాబులు వరసగా వచ్చేశాయి. కంపెనీలో టెన్షన్ ఉందని, ముందు ఊళ్లో ఇల్లు కట్టాలనుకుంటున్నాడని, ఒంట్లో బాగుండటం లేదని. ఏది చెప్పినా దేవేందర్ నమ్ముతాడు. తమ్ముడు గండం గట్టెక్కుతాడు, మళ్లీ ఆరు నెలల్లో ఇంకో పిల్ల, ఇంకో పండ్ల బుట్ట. ఆమె కింది పెదవి పళ్ల కింద పెట్టి నొక్కింది. ఇది తాను చెప్పాల్సింది కాదు. చెప్తాడో లేదో అతని ఇష్టం. తమ్ముడి కోసం ఆమె చేసిన పనుల్లో నోరు మూసుకోవడమంత కష్టమైంది ఇంకొకటి లేదు.

రాకేశ్ మల్లెమూరను పక్కకు జరిపాడు.

“పిల్లల తక్కువేం లేదు బావా. నా మనసే ఆడపిల్లల మీదికి పోదు. ఎన్నడు పోలె. మొగోళ్ల మీదికి పోతది. నేను నేర్సుకున్నది గాదు, ఎవలో చెడగొట్టింది గాదు. నేనే గట్ల. స్వర్ణను జేసుకుంటే ఆమె రోజు నా మొఖం జూసి, నాల ఏం తక్కువున్నదని ఏడుస్తది. గది నాతోని గాదు.”

దేవేందర్ ముందుగా చేసిన పని కిటికీ అద్దాలన్నీ పైకి ఉన్నాయా లేదా అని చూడటం. తర్వాత చాయ్ కుర్రాడు ఎంత దూరంలో ఉన్నాడో చూశాడు.

“ఇంకెవలకన్న తెలుసా?”

“అక్కకు.”

“కంపెనీల?”

“పిచ్చా నాకు?”

“ఇన్ని దినాలు ఒక్క ఇంట్ల ఉండుకుంట నన్ను ఎడ్డోణ్ని జేసిండ్రు ఇద్దరు,” అన్నాడు దేవేందర్.  స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి కొండల వైపు చూస్తూ కూర్చున్నాడు. “నాకు సమజ్ గాలే రాకేశ్. సమజైతదో లేదో గూడ తెల్వది. ఇంటికి పోయినంక ఏం మాట్లాడాల్నో గూడ తెల్వది. గని మా స్వర్ణ ఏం పాపం జేసింది? ఆ పిల్ల ఒళ్లె ఈ పండ్లు వెట్టుడైతే గాదు.”

అని ఫోన్ తీసి రాజలింగానికి కలిపాడు. స్పీకర్లలో రాజలింగం గొంతు సంబరంగా వినపడింది. “ఏడి దాంక వచ్చిండ్రు తమ్మీ? అందరు వచ్చి కూసున్నరు!”

“అన్నా, అది... బండి ఖరాబైందే. నడిమిట్ల ఆగిపోయింది. ఇయ్యాల అయ్యేటట్టు లేదు, మళ్ల ఇంకో...”

చూశారా! ఇప్పటిదాకా పెళ్లాన్ని కడిగేసిన మనిషి, తన వంతు రాగానే మంచిగా ఉన్న బండిని ఖరాబు చేశాడు. ఉమాదేవి అతని చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

“బావా, నేను ఉమాదేవిని. బండి మంచిగనే ఉన్నది. రాకేశ్‌కు ఈ పెండ్లి ఇష్టం లేదు. ముందుగాలనే నాకు చెప్పిండు, నేనే మీ ఎవలకు చెప్పలే. పిల్లల ఏ వంక లేదు, వాడు ఎవలను జేసుకోడు. మేము వస్తలేము. మీరు పిల్లకు వేరే సంబంధం జూసుకోండ్రి.”

అవతల సంబరం ఆగిపోయింది. తర్వాత రాజలింగం మొదలుపెట్టాడు. పది ఇళ్ల వాళ్ల ముందు తన తల తీసేశారన్నాడు. దేవేందర్ మొఖం చూడనన్నాడు. మీ ఇంట్లో మనుషులకు మాట మీద నిలబడటం తెలియదా అన్నాడు. అందులో ఉమాదేవికి కాదనడానికి ఒక్క ముక్క కూడా దొరకలేదు. అన్నీ విన్నది. ఆయన అలసిపోయాక, “ఒక్కసారి స్వర్ణకియ్యి బావా” అంది.

స్పీకర్ కట్టేసి ఫోన్ చెవికి పెట్టుకుని, కారు దిగి ఎండలో నిలబడింది. అవతల ఆడవాళ్ల గొంతులు, గిన్నెల చప్పుడు, ఒక తలుపు మూసుకోవడం. ఆ తర్వాత స్వర్ణ. ఉమాదేవి వినడమే తప్ప మాట్లాడింది తక్కువ. “అవును” అంది. “లేదు, ఇయ్యాల పూలు పండ్లని వానికి తెల్వది” అంది. క్షమించమని అడగబోయేసరికి స్వర్ణ ఫోన్ పెట్టేసింది. ఆమె వచ్చి సీట్లో కూర్చుంది.

“ఏమన్నది?” అని ఇద్దరూ ఒకేసారి అడిగారు.

కోపంలో ఉంది, నాలుగు రోజులైతే అదే సర్దుకుంటది, అని చెప్పడానికి నోరు తెరిచింది ఉమాదేవి. మూసుకుంది. మళ్లీ తెరిచింది.

“రాకేశ్ మీద కోపం లేదన్నది. అడిగిననాడు ఒక్క మాట నిజం చెప్తే చీర కట్టుకోని పదిమందిల కూసునేదాన్ని గాదు గద వదినా, అన్నది. నా మొఖం మళ్ల జూడనన్నది,” అని ఉన్నదున్నట్టు చెప్పింది. చెప్పడం పూర్తయ్యాక కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.